షుగర్ 186 ఉన్నా అసలు జబ్బు పట్టుకున్న ఎమర్జెన్సీ వార్డు

మా అమ్మకి 61 ఏళ్లు, పన్నెండేళ్ల నుంచి షుగర్. మొన్న ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తానంది, వద్దన్నా వినలేదు. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లూ నడిచింది, అదీ ఉపవాసంతో. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. మర్నాడు వాంతులు, కడుపునొప్పి. ఆ తర్వాతి రోజు ఆయాసం. వీధి చివర క్లినిక్‌లో కఫం పట్టిందని నెబ్యులైజర్ పెట్టి పంపేశారు. ఇంట్లో మిషన్ మీద షుగర్ 186 చూపించింది కాబట్టి నేనూ అటువైపు ఆలోచించలేదు.

రాత్రి పదకొండున్నరకి గోపాలపట్నం నుంచి ఈ ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకొచ్చాం. కారు ఆగగానే స్ట్రెచర్ వచ్చింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసే. గుండెలు, వీపు అంతా విని, "లంగ్స్ క్లియర్‌గా ఉన్నాయి, ఆక్సిజన్ 98 ఉంది, మరి ఊపిరి ఎందుకింత లోతుగా తీస్తున్నారు?" అన్నారు. నిజమే, పిల్లికూతలు లేవు, దగ్గు లేదు, పరిగెత్తి వచ్చిన మనిషిలా బారుగా, ఆగకుండా తీస్తూనే ఉంది, ఆ ఊపుకి కప్పిన దుప్పటి అంచు లేచి పడుతోంది. దగ్గరికి వంగితే నోట్లోంచి మరీ మగ్గిపోయిన పండు వాసన. "ఏం మాత్రలు వేసుకుంటారు? పేర్లు చెప్పొద్దు, స్ట్రిప్పులు చూపించండి" అన్నారు ఆవిడ. అమ్మ చేతిసంచిలో ప్రసాదం పొట్లం కింద ఉన్నాయి. ఒక స్ట్రిప్పు తిప్పి డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర పేరు చదివి, వెంటనే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని అక్కడి నుంచి రక్తం తీశారు, కీటోన్లు, అంటే కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు, అవి కూడా చూడమన్నారు. రక్తంలో ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్, అది 7.12 వచ్చింది. మామూలుగా 7.35కి తగ్గకూడదట.

అంత హడావుడిలోనూ ఆవిడ మాకు తెలుగులో, అర్థమయ్యేలా చెప్పారు. ఆ మాత్ర చక్కెరని మూత్రంలోకి తోసేస్తుంది, అందుకే రక్తంలో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనబడదు. కానీ తిండి లేక, ఒంట్లో నీరు లేక, ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వుని కరిగించుకుంటూ పోయింది, దాంతో రక్తంలో ఆమ్లం పేరుకుంది. దాన్ని బయటికి పంపడానికే ఆ ఆయాసం. ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేదు.

సెలైన్ ఎక్కుతోంది గానీ ఇన్సులిన్ వెంటనే పెట్టలేదు, నాకేమో టెన్షన్. అడిగితే పొటాషియం రిపోర్టు కోసం ఆగామన్నారు. ఇన్సులిన్ ఇస్తే పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి వెళ్లిపోతుందట, అది ముందే తక్కువుంటే గుండె లయ తప్పుతుందట. రిపోర్టు వచ్చాక ఇన్సులిన్‌తో పాటు గ్లూకోజ్ కూడా పెట్టారు. షుగర్ మనిషికి గ్లూకోజేంటని మా మావయ్య గొడవ చేస్తే, కీటోన్లు పోయేదాకా ఇన్సులిన్ ఆపకూడదు, షుగర్ మరీ పడిపోకుండా ఇది అని ఓపిగ్గా చెప్పారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి 2.1 ఉంది, పొద్దున్న కిడ్నీ డాక్టర్ చూసి నీళ్లు తగ్గడం వల్లే అన్నారు, డయాలసిస్ అవసరం రాలేదు. మూడో రోజుకి 1.2కి దిగింది.

వార్డుకి అయిదుకి అయిదు ఇస్తాను. బిల్లింగ్‌కి రెండు కూడా ఎక్కువే. లోపల అమ్మ ఆ స్థితిలో ఉంటే డిపాజిట్ కడితేనే ఫైలు తయారవుతుందని నన్ను కౌంటర్ దగ్గరే నిలబెట్టారు. డిశ్చార్జి రోజు ఇన్సూరెన్స్ అప్రూవల్ అంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఇంకో పెద్ద లోటు, డిశ్చార్జి కాగితంలో ఆ మాత్ర ఆపేయాలన్న ముక్క ఎక్కడో మూడో పేజీలో ఇంగ్లీషులో ఉంది. అమ్మ ఆ కాగితం ఎలా చదువుతుంది? వాంతులైనా, తిండి మానేసినా డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడని మాత్రలు ఇవీ అని తెలుగులో ఒక చీటీ ఇవ్వొచ్చు కదా. అడిగితే ఆ డాక్టరమ్మే వచ్చి, పాత స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, "ఇది ఇక వద్దు అమ్మగారూ, వచ్చే ఏడాది కొండకి వెళ్లేటప్పుడు ముందు నా దగ్గరకి రండి" అని అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ దాన్ని ఇప్పటికీ దేవుడి పటం వెనక దాచుకుంది.