నెల్లూరు ఎండలో మిమోసా సెంటు

సెంటు కొనడానికి వచ్చినవాళ్లు దుకాణంలో ముందుగా అడిగేది "ఎంతసేపు ఉంటుంది?" అనే. ఆ ఒక్క ప్రశ్నతో తూచితే మిమోసా ఓడిపోతుంది. ఉదయం కాలేజీకి బయలుదేరేటప్పుడు కొట్టుకుంటే, మధ్యాహ్నం క్యారియర్ విప్పే వేళకు పక్క కుర్చీలో ఉన్నవారికి తెలియదు. అయినా కొన్నేళ్లుగా నేను సీసా అయిపోగానే మళ్లీ అదే తెప్పించుకుంటున్నాను.

కారణం మన ఎండే. ఊద్, కస్తూరి వంటి ముదురు సెంట్లు రోహిణి కార్తెలో చెమటతో కలిసి ఘాటెక్కుతాయి. నెల్లూరు నుంచి కావలి వెళ్లే బస్సులో అలాంటి సెంటు కొట్టుకున్న మనిషి పక్కన కూర్చున్నవారికి ఆ బాధ తెలుసు. మిమోసా వేడికి తొందరగా ఎగిరిపోతుందే తప్ప ఎదురు తిరగదు. ఎవరి ముక్కు మీదా దాడి చేయదు. తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

పేరు విని అత్తిపత్తి అనుకునేరు. సెంట్లవాళ్లు మిమోసా అనేది తుమ్మ జాతి చెట్టును, అకేసియా డీల్‌బాటాను. ఆగ్నేయ ఆస్ట్రేలియా నుంచి 19వ శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్స్ తీరానికి చేరింది. సెంట్లకు పేరుపడ్డ గ్రాస్ పట్టణం దగ్గర టన్నెరాన్ కొండల మీద జనవరి నుంచి మార్చి దాకా విరగబూస్తుంది. ఊటీ కొండల్లోనూ ఈ చెట్లున్నాయి, కానీ మనవాళ్లు అక్కడికి పోయేది మే నెలలో కాబట్టి పూలు కంటపడవు. పువ్వు తీరు చూడాలనుకుంటే వానలు పడ్డాక మన చెరువు కట్ట మీది నల్లతుమ్మ చాలు. అదే పసుపు, అదే నూగు. ఆ కొండల్లోని పూలు ఇంకా చిన్నవి, గుత్తులు గుత్తులుగా ఉంటాయి, అంతే తేడా.

ఈ పూలకు ఆవిరి పట్టి అత్తరు తీసే పద్ధతి పనికిరాదు. పూలను, లేత రెమ్మలను ద్రావణిలో (సాల్వెంటులో) నానబెట్టి, మైనంలా వచ్చిన ముద్దను ఆల్కహాలుతో కడిగి సారం తీస్తారు. అందుకే రొట్టెల పండుగ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర మల్లె, గులాబీ, మొగలి అత్తర్లు దొరికినంత సులువుగా ఇది దొరకదు. "మిమోసా అత్తరు" అని చీటీ అంటించిన సీసా ఒకటి కొని చూశాను. బాదం మిఠాయి వాసన తప్ప అందులో పువ్వన్నది లేదు. నేను వాడే సెంటులోనూ అంతా పూలసారమే ఉంటుందని భ్రమ లేదు. హీలియోట్రోపిన్, అయోనోన్ల వంటి వాసన రసాయనాలు కలిపి ఆ వాసనను నిలబెట్టడం ఈ వృత్తిలో మామూలే. కలిపినవాడి చేతి నేర్పు మీదే అంతా ఉంటుంది.

ఇక వాసన సంగతి. కొట్టుకున్న వెంటనే కోసిన కీరదోస తడి, పచ్చి ఆకు వాసన వస్తాయి. ఇది నచ్చక సీసాను అక్కడికక్కడే తిరిగి ఇచ్చేసేవాళ్లను చూశాను. ఓ పావుగంట ఆగితే పచ్చిదనం తగ్గి తేనె తేలుతుంది. గొంతు పట్టే తీపి కాదు, కొంచెం పుప్పొడి కలిసిన తేనె. ఆ తర్వాత మిగిలేదంతా మెత్తని పౌడర్. మధ్యాహ్నం మణికట్టు ముక్కుకు ఆనించి చూస్తే లేత బాదం జాడ ఉంటుంది. మా అత్తగారు మొదటిసారి వాసన చూసి, "ఏమ్మా, ఏ చంటిపిల్లకు స్నానం చేయించి వచ్చావు?" అన్నారు. సీసా పెట్టె మీద అచ్చేసిన వర్ణన కంటే ఆ మాటే నిజానికి దగ్గర.

తలలో పూలు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. మల్లెలు పెట్టుకున్న రోజు ఇది దండగ, మల్లె ముందు దీని ఊసే ఉండదు. సంపెంగతో అయితే మరీ గందరగోళం. కనకాంబరాలతో మాత్రం చక్కగా కుదురుతుంది, వాటికి వాసన లేదు కనుక. రంగు వాటిది, పరిమళం దీనిది.

దీని అసలు కాలం కార్తీకం. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు పట్టి, ఎండ మొహం కనిపించని రోజుల్లో ఇదే సెంటు సాయంత్రం దాకా నిలుస్తుంది. గాలిలో తడి ఉన్నప్పుడు తేనె వాసన ఎక్కువగా తెలుస్తుంది. మైపాడు తీరం వైపు వెళ్తే మాత్రం ఉప్పుగాలి అంతా ఊడ్చేస్తుంది.

ఎక్కువసేపు ఉండాలంటే స్నానం చేసిన వెంటనే, వాసన లేని క్రీము రాసుకుని దాని మీద కొట్టుకోవాలి. కొబ్బరినూనె మీద వద్దు, రెంటి వాసనా చెడుతుంది. నూలు చీర కుచ్చిళ్ల లోపలి వైపు ఒకసారి కొడితే ఒంటి మీద కంటే చాలా ఎక్కువసేపు ఉంటుంది. అయితే తెల్లచీర మీద లేత పసుపు మరక పడింది నాకు, ఉతికినా పూర్తిగా పోలేదు. జరీ మీద అసలు వద్దు. సీసాను స్నానాల గదిలోనూ, కిటికీలోనూ కాకుండా బీరువాలో పెట్టుకోండి. మన వేసవిలో బయట ఉంచితే ఆ మొదటి పచ్చిదనం చెడి పుల్లగా మారుతుంది.

ధర ఎక్కువే. పెద్ద సీసాకు పోకుండా ముందు చిన్న నమూనా తెప్పించుకుని, ఒక ఎండ రోజు, ఒక ముసురు రోజు వాడి చూడండి. పెళ్లిళ్లకు దీన్ని నమ్ముకోవద్దు. కల్యాణ మండపంలో మల్లెదండలు, సాంబ్రాణి, వంటశాల నుంచి వచ్చే పోపు ఘుమఘుమల మధ్య ఇది కొట్టుకున్నట్టు మీకే గుర్తుండదు. అక్కడికి నేను గులాబీ అత్తరుతోనే వెళ్తాను.