లిబ్రేఆఫీస్‌తో డీటీపీ షాపు నడుస్తుందా?

నడుస్తుంది. వర్డ్, ఎక్సెల్ చేసే పనులే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. కాకపోతే ఫాంట్ల సంగతి చూసుకోకుండా మొదలుపెడితే కస్టమర్ల చేత మాటలు పడాలి. విజయనగరంలో మాది చిన్న జిరాక్స్ షాపు, వచ్చేవన్నీ కాలేజీ ప్రాజెక్ట్ రిపోర్టులు, రెజ్యూమెలు, మార్కుల లిస్టులు. వాట్సాప్‌లో డాక్‌ఎక్స్ (వర్డ్) ఫైల్ పంపి, మనం తెరవగానే "ఏటండీ, ఇంట్లో నలభై పేజీలే ఉంది, మీ దగ్గర నలభై మూడైపోనాదేటి?" అంటారు. పేజీకింత అని తీసుకుంటాం కదా, అనుమానం వాళ్లకి ఉండదా మరి!

సాఫ్ట్‌వేర్‌ని తిడతాం గానీ చాలాసార్లు అసలు దొంగ ఫాంటే. వర్డ్‌లో ఏళ్ల తరబడి డిఫాల్ట్‌గా ఉన్న కాలిబ్రి మైక్రోసాఫ్ట్‌ది, విండోస్ బదులు మనం వాడే లినక్స్ సిస్టంలో ఉండదు. దాని బదులు కార్లిటో, కేంబ్రియా బదులు కేలడియా, టైమ్స్ న్యూ రోమన్ బదులు లిబరేషన్ సెరిఫ్ వేసుకోండి. ఇవి అక్షరాల వెడల్పు అచ్చంగా సరిపోయేలా తయారుచేసినవి కాబట్టి లైను ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది, పేజీలూ పెరగవు. కొత్త వర్డ్‌లో వచ్చే ఆప్టోస్ ఫాంటుతో చేసిన ఫైల్ అయితే నేను పెట్టుకోను, పీడీఎఫ్ చేసి పంపమంటాను.

తెలుగుకి ఇంకో తిరకాసు ఉంది. రైటర్‌లో (లిబ్రేఆఫీస్‌లో వర్డ్ లాంటిది) ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, తెలుగుకి వేరే ఫాంటు విడివిడిగా సెట్ చేయాలి, ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేస్తేనే ఆ రెండో గడి కనబడేది. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు గజిబిజిగా కనిపిస్తే మాత్రం లిబ్రేఆఫీస్‌ని అనకండి, అవి యూనికోడ్ (అన్ని సిస్టంలూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంటు లేకపోతే వర్డ్‌లోనూ అంతే. యూనికోడ్‌లో గిడుగు, గురజాడ అని మనవాళ్ల పేర్లతోనే ఉచిత ఫాంట్లున్నాయి, హెడ్డింగులకి బాగుంటాయి. ఫైల్ ప్రాపర్టీస్‌లో ఎంబెడ్ ఫాంట్స్ (ఫాంటుని ఫైల్లోనే కలిపేయడం) టిక్ పెట్టి పంపితే అవతలివాళ్లకి ఇబ్బంది తగ్గుతుంది.

సేవ్ చేసేటప్పుడు మామూలుగా లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీటీలో పోతుంది. డిఫాల్ట్‌ని డాక్‌ఎక్స్‌కి మార్చేయండి, లేదంటే "ఫైల్ ఓపెన్ అవట్లేదు" అని రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది. ఇలాంటిదే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ అపాచీ ఓపెన్‌ఆఫీస్ జోలికి పోకండి, అది డాక్‌ఎక్స్ తెరుస్తుందే గానీ అందులో సేవ్ చేయదు.

ఎక్సెల్ లాంటి కాల్క్‌లో మార్కుల లిస్టులకి ఏ లోటూ లేదు. ఒక పట్టికలోంచి కావలసిన విలువ వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ ఫార్ములా కూడా 2024లో 24.8 వెర్షన్ నుంచి వచ్చింది, పాతది వాడుతుంటే అప్‌డేట్ చేసుకోండి. లిబ్రేఆఫీస్ అసలు బలహీనత మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా ఎక్సెల్ ఫైల్లో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు. కొన్ని పనిచేస్తాయి, కొన్ని మొండికేస్తాయి. ఫిబ్రవరి వచ్చిందంటే మాస్టార్లు ఇన్‌కమ్ టాక్స్ ఎక్సెల్ షీట్లు పట్టుకొస్తారు, వాటిలో బటన్ నొక్కితే ఫారాలు నిండాలి. అక్కడ ప్రయోగాలొద్దు. ఆ పని కోసమే ఒక సిస్టంలో డబ్బు పెట్టి కొన్న ఎక్సెల్ ఉంచాను, మిగతా సిస్టంలన్నిటిలో లిబ్రేఆఫీసే.