‘నులిపురుగును తట్టుకుంటుంది’ అన్న మాట నమ్మి విత్తనం కొనకండి

మాది సింగరాయకొండ దగ్గర ఇసుక నేల. నిరుడు వంగతోట గిడసబారి, ఎండ పొద్దుకు వాడిపోయేది. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. మట్టిలో ఉండి వేళ్లలో చేరే, కంటికి కనపడనంత సన్నని నులిపురుగు పని అది. మళ్లీ కూరగాయలు వేసే ముందు ఒక పంట ధాన్యం పండిద్దామని విత్తనాల షాపుకి వెళ్లాను. "ఈ మొక్కజొన్న హైబ్రిడ్ వేసుకో అన్నా, నులిపురుగును తట్టుకుంటుంది. ఒక్క పంటతో నేల శుభ్రమైపోద్ది" అన్నాడు షాపాయన. ఎక్కువ రేటు పెట్టి కొన్నాను.

మొక్కజొన్న బాగానే పండింది. అది చూసే నమ్మాను. తర్వాత నాటిన మిరప నెలన్నరకే వంగ కంటే ఘోరంగా దెబ్బతింది. నారు, కూలి, ఎరువు అన్నీ పోయాయి.

కృషి విజ్ఞాన కేంద్రానికి వేళ్లు, మట్టి తీసుకెళ్తే గానీ సంగతి తెలియలేదు. పంట తట్టుకోవడం వేరు, పురుగును పెరగనివ్వకపోవడం వేరు. తట్టుకునే పంట పచ్చగానే ఉంటుంది, దిగుబడీ ఇస్తుంది. కానీ దాని వేళ్లలో పురుగు తింటూ, గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది, వెచ్చని నేలలో దాదాపు నెలకో తరం. మొక్కజొన్న వేళ్ల మీద బుడిపెలు చాలా చిన్నవి, ఒక్కోసారి కంటికి ఆనవు. అందుకే చేలో తిరుగుతున్నా నాకు అనుమానం రాలేదు.

పైగా ఈ పురుగుల్లో రకాలున్నాయి. కూరగాయల్ని ఎక్కువగా పట్టేవి మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా, జవానికా. ఒకదాన్ని ఆపే విత్తనం రెండోదాన్ని ఆపుతుందన్న నమ్మకం లేదు. జొన్న, సజ్జల్లోనూ అంతే, ఒక హైబ్రిడ్ ఆపితే ఇంకో హైబ్రిడ్ పెంచుతుంది. నెల్లూరు వైపు వరి రైతులకూ ఒక మాట: వరిని పట్టే గ్రామినికోలా వేరే రకం. అది పడితే వేరు కొసలు ఉబ్బి కొక్కెంలా వంగుతాయి, నీరు నిలవని నారుమళ్లలో నష్టం ఎక్కువ.

కాబట్టి ఏ నులిపురుగును ఆపుతుందో షాపులో గట్టిగా అడగండి. ఆ మాట ప్యాకెట్ మీద ఉందో లేదో అక్కడే చదవండి. నా ప్యాకెట్ మీద లేదు, ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు. రకం పేరు, లాట్ నంబరు రాసిన బిల్లే తీసుకోండి, ట్యాగు, ఖాళీ ప్యాకెట్ దాచండి. నాకిచ్చింది కచ్చా చీటీ. ఇప్పుడు అడిగితే షాపాయన "నేనట్లా అనలేదు" అంటున్నాడు.

పురుగు తగ్గాలని ఈ వేసవిలో లోతుగా దున్నించి, బంతి వేస్తున్నాను. మట్టి పరీక్ష చేయించాకే ఆ చేలో మళ్లీ మిరప. ఆ షాపులో మాత్రం అదే విత్తనం, అదే మాట చెప్పి ఇప్పటికీ అమ్ముతున్నారు.