వీధికి వెళ్లడం, వీధిలోనే ఉండిపోవడం

1958లో పెన్సిల్వేనియా పల్లె పాస్టర్ డేవిడ్ విల్కర్సన్ న్యూయార్క్ వెళ్లారు. హత్య కేసులో ఇరుక్కున్న కుర్రాళ్లతో మాట్లాడాలని కోర్టులో లేచి నిలబడితే బయటికి గెంటేశారు. పేపర్లో ఫొటో పడింది. పరువు పోయిందనుకున్నారు గానీ, ఆ ఫొటో వల్లే గ్యాంగు కుర్రాళ్లు ఆయన్ని దగ్గరికి రానిచ్చారు! తర్వాత బ్రూక్లిన్‌లో టీన్ ఛాలెంజ్ కేంద్రం పెట్టి మత్తు మాన్పించే పనిలో పడ్డారు.

జాకీ పులింజర్ దారి వేరు. సంగీతం చదివిన ఇంగ్లండ్ అమ్మాయి, మిషనరీగా 1966లో 22 ఏళ్లకే ఓడెక్కి హాంకాంగ్ చేరింది. అక్కడి కౌలూన్ వాల్డ్ సిటీ అనే ఇరుకు బస్తీ అంటే ఆరున్నర ఎకరాల్లో వేలమంది, ఎండ పడని సందులు, హెరాయిన్. అక్కడే బడిలో పాఠాలు చెబుతూ కుర్రాళ్లకు క్లబ్ తెరిచింది.

నాకైతే రెండోదే, అంటే వీధిలోనే ఉండిపోవడమే కష్టమనిపిస్తుంది. 1993లో ఆ సందులు కూల్చడం మొదలయ్యాక కూడా ఆవిడ హాంకాంగ్ వదల్లేదు.