లివర్‌లో గడ్డ: సీటీనా, ఎమ్మారైయా?

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బాబాయికి మామూలు చెకప్‌లో కడుపు స్కానింగ్ తీస్తే లివర్‌లో 3 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. తర్వాత సీటీనా, ఎమ్మారైయా?

ట్రైఫేసిక్ సీటీ (మూడు దశల్లో తీసే సీటీ స్కాన్) నిమిషాల్లో అయిపోతుంది, ఖర్చూ తక్కువే. చేతి నరంలోకి, స్కాన్‌లో తెల్లగా కనిపించే కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అది గడ్డలోకి ఎలా వస్తోందో, ఎలా పోతోందో దశలవారీగా చూస్తారు. హిమాంజియోమా, అంటే హాని లేని రక్తనాళాల గడ్డయితే, అంచుల్లో మచ్చలు మచ్చలుగా వెలిగి మెల్లగా లోపలికి నిండుతుంది. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్ సాధారణంగా తొందరగా వెలిగి, తొందరగానే చుట్టూ ఉన్న లివర్ కన్నా నల్లబడుతుంది. సిర్రోసిస్ (లివర్ పాడై గట్టిపడటం) ఉన్నవాళ్లలో ఈ తీరు స్పష్టంగా కనిపిస్తే చాలాసార్లు బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) కూడా అడగరు. కాకపోతే రేడియేషన్ ఉంది, ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసుకోవాలి.

ఎమ్మారైకి దాదాపు అరగంట. ఆ గొట్టంలో ఢమఢమల మధ్య "ఊపిరి బిగబట్టండి" అంటుంటే బాబాయికి చెమటలు పట్టాయట. కానీ రేడియేషన్ లేదు. సీటీలో తేలని చిన్న గడ్డలకు నా ఓటు దీనికే. ఎమ్మారైలో తీసే టీ2 అనే రకం చిత్రాల్లో హిమాంజియోమా బల్బులా తెల్లగా మెరుస్తుంది. బాబాయిదీ అలాగే మెరిసింది. డాక్టర్ గారు ఫిల్ము చూసి, "ఇంక దీన్ని కెలకొద్దు" అన్నారు.