బీటిల్ హ్యాండ్ బ్రేక్ కేబుళ్ళు: ఏళ్ళ తరబడి వాడాక సమీక్ష

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు హ్యాండ్ బ్రేక్ కేబుల్ కొనేవాళ్ళు సాధారణంగా లోపలి ఉక్కు తీగ ఎంత లావుగా ఉందో చూస్తారు. మామూలు వాడకంలో ఆ తీగ తెగడం అరుదు. ముందు పాడయ్యేది పై తొడుగు, ముఖ్యంగా వెనక చక్రం దగ్గరి వంపులో. తొడుగు మీది ప్లాస్టిక్ పగిలితే నీళ్ళు లోపలికి దిగి ఆ వంపులోనే నిలుస్తాయి. తుప్పు ఉబ్బి తీగను పట్టేస్తుంది. అప్పటికీ లివర్ లాగితే బ్రేక్ పడుతుంది, దించితే మాత్రం షూలు, అంటే డ్రమ్ముకు లోపలినుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ ముక్కలు, వెనక్కి రావు. చక్రంతో పాటు తిరిగే ఈ డ్రమ్ములలో ఒకటి మాత్రమే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోందంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే.

రెండు రకాలు చాలాకాలం వాడాక చెబుతున్న మాట ఇది. ఒకటి పాత పద్ధతి కేబుల్: జింకు పూత తీగ, ఉక్కు చుట్ల తొడుగు, దానిపై ప్లాస్టిక్. రెండోది తొడుగు లోపల నున్నటి ప్లాస్టిక్ గొట్టం ఉన్నది. వానల్లో తిరిగే కారుకు రెండోదే మేలు. లివర్ తేలిగ్గా కదులుతుంది, దించగానే తీగ వెనక్కి జారుతుంది. దాని బలహీనత వేడి. ఎగ్జాస్ట్‌కు, దాని వేడితో కారు లోపలికి వెచ్చని గాలి పంపే హీటర్ బాక్సులకు ఆనితే లోపలి గొట్టం మెత్తబడి తీగకు అతుక్కుంటుంది, అందుకే దారి సరిచూసి బిగించాలి. దీని తొడుగులో గ్రీజు పెట్టకూడదు, దుమ్ము చేరి ముద్దవుతుంది. పాత రకానికి గ్రీజే ప్రాణం. బిగించే ముందే తీగను బయటికి లాగి, పొడవునా లిథియం గ్రీజు పట్టించాలి. అది చేస్తే పాత రకం కూడా బాగానే మన్నుతుంది.

కొత్త కేబుల్ వచ్చాక మొదట కొలవండి. మోడల్ సంవత్సరాన్ని బట్టి బీటిల్ కేబుళ్ళ పొడవులు మారాయి, పెట్టె మీది రాతను నమ్మి బిగించకూడదు. మొత్తం పొడవు కలిస్తే సరిపోదు. తొడుగు బయట ఎంత తీగ మిగిలిందో అది కలవాలి. తొడుగు 10 మిల్లీమీటర్లు పొట్టిగా ఉంటే బయటి తీగ అంతే పొడవవుతుంది, కేబుల్ ముందు కొసన, లివర్ దగ్గర, ఉండే మర మీది నట్టును చివరిదాకా తిప్పినా వదులు పోదు. పాత కేబుల్ పక్కన పెట్టి చూడండి. పాతది సాగి ఉంటుంది కనుక కొన్ని మిల్లీమీటర్ల తేడా సహజం. మర మీద నట్టును చేత్తో తిప్పి చూడండి, బిగుసుకుంటే ఆ కేబుల్ వాపసు ఇచ్చేయడమే మంచిది.

బీటిల్‌లో చక్రానికి ఒకటి చొప్పున రెండు కేబుళ్ళు ఉంటాయి. రెండూ లివర్ దగ్గర మొదలై కారు నేల మధ్యగా పొడవునా సాగే సొరంగంలోని ఉక్కు గొట్టాల గుండా వెనక్కి వెళతాయి. మార్చితే జంటగా మార్చాలి. ఒకటి కొత్తది, ఇంకొకటి సాగినది అయితే రెండు చక్రాల బిగువు ఎప్పటికీ కలవదు.

పనిలో అసలు బరువంతా వెనక డ్రమ్ము విప్పడంలో ఉంది. నట్టు వదులు కాకుండా ఆపే కాటర్ పిన్ తీసి, డ్రమ్మును ఇరుసుకు పట్టే 36 మిల్లీమీటర్ల నట్టును కారు నేల మీద ఉండగానే వదులు చేయాలి, ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, ఎవరినైనా బ్రేక్ పెడల్ తొక్కి ఉంచమనాలి. జాకీ మీద ఉన్న కారుతో ఆ నట్టు జోలికి వెళ్ళడం ప్రమాదం. తర్వాత కారును స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ దించి, షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడాన్ని మార్చే నక్షత్రపు అడ్జస్టర్లను వెనక్కి తిప్పితే డ్రమ్ము వస్తుంది. షూల మీది పాత రాపిడి పొరల్లో (లైనింగ్‌లలో) ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడిపి తుడవండి. షూల మీద గేర్ ఆయిల్ జిడ్డు కనిపిస్తే కేబుల్ పని ఆపి ముందు ఇరుసు దగ్గరి ఆయిల్ సీలు మార్చండి. ఆయిల్ తాగిన షూలను ఏ కేబులూ పట్టించలేదు.

షూ మీది లివర్ కొక్కెం నుంచి కేబుల్ చివరి కన్ను (ఉంగరం) విడిపించి, షూలను మోసే కదలని పలక అయిన బ్యాకింగ్ ప్లేట్ వెనక తొడుగును పట్టే క్లిప్పు బోల్టు తీయాలి. కారు లోపల హ్యాండ్ లివర్ రబ్బరు తొడుగు పైకెత్తి లాక్ నట్లు, సర్దుబాటు నట్లు విప్పాలి. పానా తిప్పేటప్పుడు కేబుల్ చివరి గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి పట్టుకోండి, లేదంటే తీగ మెలి తిరిగి పోగులు విడిపోతాయి. ఆపై పిన్నును పట్టే ఉక్కు వలయం (సర్క్లిప్), పిన్ను తీసి లివర్ బయటికి తీయాలి. లివర్ చేతిలో ఉన్నప్పుడు పై బటన్ నొక్కకండి, లివర్‌ను లాగిన చోట నిలిపే పళ్ళ ముక్క జారి సొరంగంలో పడుతుంది. పాత కేబుల్‌ను వెనకనుంచి లాగేయండి. కొత్తది వెనకనుంచే తోయాలి. సొరంగంలోని గొట్టం లోహమే కనుక, అక్కడ నడిచే తీగ భాగానికి రెండు రకాల్లోనూ పలచగా గ్రీజు కావాలి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది సర్దుబాటులో. బ్రేక్ వదులుగా అనిపించగానే లివర్ దగ్గరి నట్టు తిప్పేస్తారు. అలా చేస్తే షూ లివర్ తన విశ్రాంతి స్థానంలోంచి ముందుకు లాగబడి, షూలు ఆసరా మీద ఆనవు, చక్రం ఎప్పుడూ రాసుకుంటుంది. వరుస ఇది: కేబుళ్ళు పూర్తిగా వదులుగా ఉంచి, డ్రమ్ముకో బ్యాకింగ్ ప్లేటుకో ఉండే రంధ్రంలోంచి నక్షత్రపు అడ్జస్టర్లను షూలు పట్టేదాకా తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంతవరకూ మూడు నాలుగు పళ్ళు వెనక్కి తేవాలి. మధ్యలో పెడల్ ఒకటి రెండుసార్లు తొక్కితే షూలు మధ్యకు కుదురుతాయి. ఆ తర్వాతే లివర్‌ను రెండు పళ్ళు (రెండు టిక్కులు) లాగి, రెండు చక్రాలూ చేత్తో కష్టంగా తిరిగే స్థితికి నట్లు బిగించాలి. నాలుగో పంటికి రెండూ కదలకూడదు. లివర్ దించితే రెండూ రాసుకోకుండా తిరగాలి. లాక్ నట్లు బిగించాక మళ్ళీ ఒకసారి చూడండి, వాటిని బిగించేటప్పుడే లెక్క మారుతుంటుంది.

డ్రమ్మును పట్టే ఆ 36 మిల్లీమీటర్ల నట్టు బిగువు సుమారు 294 న్యూటన్ మీటర్లు, మీ మోడల్ పుస్తకంలోని అంకెతో సరిచూసుకోండి. కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి. వెనక్కి తిప్పి కలపకూడదు. ఆ నట్టు వదులైతే డ్రమ్మును ఇరుసుతో కలిపి తిప్పే గాట్లు అరిగిపోతాయి.

కొత్త కేబుల్ మొదట్లో కొంత సాగుతుంది, తీగ పోగులు, తొడుగు చుట్లు కుదురుకోవడం వల్ల. ఒకసారి నట్లు సరిచేస్తే ఆ దశ ముగుస్తుంది. తర్వాత లివర్ పైకి పెరిగితే లైనింగ్ అరిగినట్టు. అప్పుడు నక్షత్రపు అడ్జస్టర్ తిప్పాలి, కేబుల్ కాదు. బండి నెలల తరబడి ఆగే చోట హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయవద్దు. గేరులో పెట్టి చక్రాలకు దిమ్మలు వేయండి. బాగా తడిసిన ప్రయాణం తర్వాత ఆపిన బండిలో లివర్‌ను నాలుగైదుసార్లు లాగి వదలడం పాత రకం కేబుల్‌కు చాలా మేలు చేస్తుంది, తీగ ఒకేచోట నిలిచి పట్టకుండా ఉంటుంది.