వైజాగ్‌లో మూడు రోజులు, నాలుగు కాలేజీలు, ఒక నిద్రలేని రాత్రి

ముందు ఆ గెస్ట్‌హౌస్ సంగతి చెప్పేస్తాను, లేకపోతే నాకు అన్నం సహించేలా లేదు. "ఫ్యామిలీ స్టే, ప్రశాంత వాతావరణం, సీ వ్యూ" అని ఆన్‌లైన్‌లో పెట్టుకున్నారు. రుషికొండ వైపు. ఒక్క రాత్రికి 3,199 రూపాయలు కట్టాం, డిపాజిట్ 500 అదనం. అంత పోసినా దొరకనిది ఒక్కటే, నిద్ర.

వెళ్లింది మా అమ్మాయి ఇంజినీరింగ్ కోసం. ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు చంకలు గుద్దుకునేదీ కాదు, తల పట్టుకునేదీ కాదు. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ముందు కావాలో ఆన్‌లైన్‌లో వరసగా పెట్టేలోపు కళ్లారా చూసొద్దాం అనుకున్నాం. అమ్మాయికి వైజాగే కావాలి. మాది రాజమండ్రి, నాలుగు గంటల ప్రయాణం, నాకూ బాగానే అనిపించింది. ఈలోగా ఓ పెళ్లిలో మా ఆడపడుచు గారు, "వైజాగా! అక్కడ పిల్లలు పుస్తకం చూస్తారా, సముద్రం చూస్తారా? ఫలానా కాలేజీ అంటే పబ్బులటగా. ఇంకోటుందట, అక్కడ గంజాయటగా" అని విస్తరి ముందు కూర్చుని తేల్చేశారు. ఆవిడ ఆఖరిసారి వైజాగ్ వెళ్లింది సింహాచలం చందనోత్సవానికి.

మావారికి ఆ మాట చాలు. రూళ్ల నోట్‌బుక్ ఒకటి కొని గడులు గీశారు. కాలేజీ, ఫీజు, ప్లేస్‌మెంట్లు, హాస్టల్, చివరి గడి "సముద్రానికి దూరం". హాస్యానికి చెప్పడం లేదు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని కిలోమీటర్లు లెక్కేసి మరీ రాశారు. రెండు కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి ఎర్ర ఇంకుతో చుక్క.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోన్‌లో ఇంకాస్త ఆజ్యం పోశాడు. "బావా, ఇక్కడ దీనికి ర్యాంకులే ఇస్తారు" అన్నాడు. ప్రిన్స్‌టన్ రివ్యూ అని ఓ కంపెనీ, ఆ పేరుగల యూనివర్సిటీకీ దానికీ సంబంధం లేదట, "పార్టీ స్కూళ్లు" అని ఏళ్ల తరబడి జాబితా వేస్తూ వచ్చింది. మీ దగ్గర మందెంత, గంజాయెంత, రోజుకి ఎన్ని గంటలు చదువుతారు అని విద్యార్థులనే అడిగి వేసేవారట. 2002లో అక్కడి డాక్టర్ల సంఘం, అమెరికన్ మెడికల్ అసోసియేషన్, ఆ జాబితా ఆపండి మహాప్రభో అని కూడా అడిగింది. నాకు మాత్రం ఒకటి నచ్చింది. వాళ్లు కనీసం చదివే పిల్లల్ని అడిగారు. మేం మా ఆడపడుచుని అడుగుతున్నాం.

రైలు సంగతి చెప్పడానికేం లేదు, రత్నాచల్‌లో సీట్లు దొరికాయి, తునిలో జీడిపప్పు కొన్నాం. స్టేషన్ బయట ఆటో అతను రుషికొండకి 700 అన్నాడు, 450కి తెగింది. అది కూడా దండగే. స్టేషన్ నుంచి 900కె సిటీ బస్సు ఉంది, రుషికొండ మీదుగా భీమిలి పోతుంది. మర్నాడు అదే ఎక్కితే ఆధార్ చూపించి నాకూ అమ్మాయికీ సున్నా టికెట్, ఆయనొక్కరికే డబ్బులు. దారి పొడుగునా ఆ టికెట్ వంక చూసుకుంటూ కూర్చున్నారు.

ఇక గెస్ట్‌హౌస్. ఆన్‌లైన్‌లో చూపించింది 1,899. కౌంటర్ దగ్గరికి వెళ్లాక అదనపు పరుపు 600, వీకెండ్ అని 400, ఏసీకి 300. ఏసీ రూమ్ అని బుక్ చేసుకున్నాం కదయ్యా అంటే, "ఏసీ ఉందమ్మా, రిమోట్‌కి చార్జి" అన్నాడు మేనేజరు కుర్రాడు, సొరుగులోంచి రిమోట్ తీసి బల్ల మీద పెడుతూ. దాని వెనక మూత లేదు, బ్యాటరీలు రబ్బరు బ్యాండుతో కట్టి ఉన్నాయి. సీ వ్యూ అంటే బాత్రూం పక్క కిటికీలోంచి మెడ ఎడమకి తిప్పితే, రెండు నీళ్ల ట్యాంకుల మధ్య అరచేయంత నీలం. అమ్మాయి దాన్నే ఫొటో తీసి స్నేహితురాళ్లకి పంపింది. తువ్వాళ్లు ముట్టుకుంటే తడి, వాసన చూస్తే అంతకంటే పాతవి.

రాత్రి పదకొండుకి పైన డాబా మీద మొదలైంది. స్పీకర్లు, ఈలలు, ఎవరో కుర్చీ లాగిన చప్పుడు, మళ్లీ పాట. కింద మా మంచం కోళ్లు అదురుతున్నాయి. మావారు చీకట్లో లేచి కూర్చుని, "విన్నావుగా. ఇదీ మీ వైజాగ్ చదువు" అన్నారు. అమ్మాయి దుప్పటి ముసుగు పెట్టేసింది, నిద్రపోలేదని నాకు తెలుసు. పన్నెండున్నర దాకా ఓపిక పట్టి, లుంగీ బిగించుకుని ఆయన పైకి బయల్దేరారు. గొడవవుతుందేమోనని నేను వెనకాలే పరిగెత్తాను.

డాబా మీద ఓ ఇరవై మంది. ఒక్కడికీ యాభైకి తక్కువ లేదు. సగం బట్టతలలు, ముగ్గురు మోకాలి పట్టీలతో చిందులు. మావారు "ఏ కాలేజీ రా మీది?" అని అరుద్దామని నోట్లో సిద్ధం చేసుకున్నారు, వాళ్లని చూసి "ఏ కాలేజీ అండీ మీది?" అని వచ్చింది. ఒకాయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి భుజం మీద చెయ్యేసి, "తొంభై మూడు బ్యాచ్ అన్నా! ముప్పై ఏళ్లకి కలిశాం" అని కాలేజీ పేరు చెప్పాడు. పేరు రాయను. కోస్తాలో ఎక్కడో ఉంది, సముద్రానికి చాలా దూరం. మావారి నోట్‌బుక్‌లో మొదటి వరసలో, "స్ట్రిక్ట్" అని రాసి కింద రెండు గీతలు గీసిన కాలేజీ అదే.

కిందికొచ్చాక ఆయన మాట్లాడలేదు. రెండింటిదాకా పాటలు సాగాయి. ఒకసారి మాత్రం "వాళ్ల బ్యాచ్ అంతా మంచి ఉద్యోగాల్లోనే ఉన్నట్టున్నారే" అన్నారు.

పొద్దున డిపాజిట్ అడిగితే ఓనరు వచ్చాక ఫోన్‌పే చేస్తామన్నారు. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకేనని ఎనిమిదీ పదికి చెప్పారు. ఎవరైనా అటు వెళ్లేవాళ్లుంటే చెబుతున్నా, ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్సుకి నడిచే దూరంలో ఉండండి. మిగతా రెండు రాత్రులూ మేమక్కడే దిగాం, రోజుకి 1,600, ముగ్గురికీ కలిపి. సముద్రం కనిపించదు గానీ నిద్ర పడుతుంది.

మొదటి కాలేజీ గాజు మేడ. లోపల ఏసీ, బిస్కెట్లు, బ్లేజరు వేసుకున్న అమ్మాయి, తెర మీద బొమ్మలు. బ్రోచరు చేతిలో పెట్టారు. మావారు అందులో ఫొటోలు లెక్కపెట్టారు. మొత్తం ఇరవై ఆరు. వాటిలో స్టేజీ, రంగు లైట్లు, చేతులెత్తి గెంతే పిల్లలవి పదకొండు. లైబ్రరీది ఒకటి, అందులోనూ మనుషుల్లేరు. మా గురించి చెడ్డగా అనుకుంటున్నారు అని బాధపడే కాలేజీ తన సొమ్ముతో వేసుకున్న పుస్తకం ఇది. హాస్టల్ చూపించమంటే "మోడల్ రూమ్" అని ఆఫీసు బ్లాకులోనే ఒక గది చూపించారు, మంచం మీద పూల దిండు. మెస్ చూస్తాం అంటే సెలవులన్నారు. మావారు ఉండబట్టలేక, "ఇక్కడ గంజాయి సంగతేంటండీ?" అని సూటిగా అడిగేశారు. ఆ బ్లేజరు పిల్ల నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మేనేజర్ని వెతికాయి. అమ్మాయి నా చెయ్యి గిల్లింది. ఆ తర్వాత రెండు గంటలు వాళ్ల నాన్నతో మాటల్లేవు.

నేనైతే ఆయన అడిగింది తప్పనను. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో ఏళ్ల తరబడి ఆ పంట సాగిందని, అది మైదానానికి దిగే దారిలో వైజాగ్ ఉందని అందరికీ తెలుసు. ప్రభుత్వం ఈగల్ అని ప్రత్యేక పోలీసు విభాగమే పెట్టి 1972 అని ఫోన్ నంబరు ఇచ్చింది. అడగ్గానే ఎవరు ఉలిక్కిపడతారో, ఎవరు జవాబిస్తారో చూడాలి, అంతే.

రెండో కాలేజీలో జవాబిచ్చారు. భవనాలు పాతవి, పెచ్చులూడుతున్నాయి. లేడీస్ హాస్టల్ వార్డెన్ ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్ల ట్యాంకర్‌తో తగవులాడుతూ దొరికింది. అదే ప్రశ్న వేస్తే, "పోయినేడు అబ్బాయిల వైపు ఇద్దరు దొరికారండి. సస్పెండ్ చేసి తల్లిదండ్రుల్ని పిలిపించాం. లేదని చెప్తే మీరు నమ్ముతారా?" అంది. రిజిస్టరు తెచ్చి చూపించింది. బయటికి వెళ్లిన టైము, వచ్చిన టైము, ఇంటికి ఫోన్ చేసినట్టు టిక్కు. ర్యాగింగ్ జరిగితే నాకు చెప్పకపోయినా పర్లేదు, దీనికి చెయ్యండి అని గోడ మీది జాతీయ హెల్ప్‌లైన్ నంబరు చూపించింది, 1800-180-5522. మెస్‌లో 80 రూపాయల టోకెన్ కొనుక్కుని తిన్నాం. సాంబారులో ముక్క కోసం గరిటె రెండుసార్లు తిప్పాలి, పెరుగు మాత్రం గట్టిది.

మూడోదీ నాలుగోదీ ఒకే అచ్చు. వాటి గురించి రాయడానికేం లేదు.

అసలైన ఇన్‌స్పెక్షను ఆ రెండో కాలేజీ గేటు ఎదురుగా జరిగింది. పొద్దున పెద్దగా తినలేదని అక్కడ టిఫిన్ బండి దగ్గర ఆగాం. పెసరట్టు 40, ఉప్మాతో 50. పెనం మీద జీలకర్ర చిటపటలాడుతుంటే ఉల్లిపాయ ముక్కలు అరచేత్తో అద్ది, అంచులు లేచేదాకా కదపకుండా వదిలేసింది ఆవిడ. అల్లప్పచ్చడి బెల్లం తక్కువ, కారం ఎక్కువ. రాజమండ్రి దాన్నై ఉండి చెబుతున్నాను, మా ఊళ్లో ఈ మధ్య అలాంటి అట్టు తినలేదు. మావారు మూడు తిన్నారు.

"ఏటమ్మా, పాపని సేర్పించడానికొచ్చారా?" అని ఆవిడే కదిపింది. ఈ కాలేజీ పిల్లలు ఎలాంటివాళ్లు అంటే బల్ల కింద నుంచి పాత డైరీ తీసింది. ఖాతా పుస్తకం. పేర్లు లేవు. "కళ్లద్దాలు 120", "నెల్లూరు 75", "బుల్లెట్ 640", "కవలలు 210 (గీత కొట్టేసి ఉంది)". తన పుస్తకంలో మావారు, ఆవిడ పుస్తకంలో ఆవిడ, ఇద్దరూ కాసేపు చూసుకున్నారు.

"ఎనిమిదికి ఇడ్లీ తిన్నోడు కాలేజీకెల్తాడు. పదకొండుకి ఎర్రకళ్లతో వచ్చి నిమ్మకాయ సోడా ఉందా అన్నోడు మరి నేదు. ఇలాటోళ్లు ఆ గాజుమేడలోనూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. హాస్టల్లో ఏటుంటాదమ్మా, తొమ్మిదికి గేటేసెత్తారు. రెండో ఏడు బయట రూమ్ తీస్తారు సూడు, అక్కడ సూడండి" అంది. మరి ఈ బుల్లెట్ ఎవరు అని మావారు ఆదుర్దాగా అడిగారు. "ఆడా? బయట రూమే. అమ్మ నెలనెలా డబ్బులేత్తాది. ఇంటికాడ హాస్టల్లోనే ఉన్నాననుకుంటారు."

మేం అప్పటిదాకా కాలేజీల గేట్లు చూశాం గానీ అద్దెకిచ్చే ఇళ్లని ఎవరం చూడలేదు. ఆ సాయంత్రమే ఎంవీపీ కాలనీలో రెండు లేడీస్ హాస్టళ్లు చూశాం. ఒకదాంట్లో ముగ్గురి గదికి నెలకి 8,000 భోజనంతో, అడ్వాన్సు మరో నెల. రాత్రి ఎన్నింటికి గేటు వేస్తారండీ అంటే ఓనరమ్మ టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "వాళ్ల దగ్గర తాళం చెవి ఉంటుంది" అంది. రెండోది 7,200, గేటు తొమ్మిదిన్నరకి, కానీ ముగ్గురి గదిలో నాలుగో మంచం ఇరికించారు. మొదటి రెండేళ్లూ కాలేజీ హాస్టలే అని నేను అక్కడే తేల్చేశాను. అమ్మాయి "చూద్దాంలే అమ్మా" అంది. ఆ మాట దాని నోట ఎప్పుడొస్తుందో నాకు తెలుసు.

ఆఖరి రోజు ఏయూ, అదే ఆంధ్రా యూనివర్సిటీ, మీదుగా నడిచాం. 1926లో పుట్టిన యూనివర్సిటీ, సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి ఐదేళ్లు వైస్ ఛాన్సలర్‌గా చేసిన చోటు. మావారి మేనమామ అక్కడే ఎమ్మెస్సీ చదివారు. "అప్పట్లో క్రమశిక్షణంటే ఎలా ఉండేదో తెలుసా" అని మొదలెట్టారు. "సముద్రానికి ఎంత దూరం నాన్నా?" అంది అమ్మాయి. ఆయన నోట్‌బుక్ తియ్యలేదు. అక్కణ్నుంచి దిగితే ఆర్కే బీచే కదా.

బీచ్‌లో మురీ మిక్చర్ 40 రూపాయలది మూడు పొట్లాలు కొన్నాం. జలాంతర్గామి మ్యూజియం చూద్దామంటే ఆయన వద్దన్నారు, గట్టు మీద కూర్చుంటానన్నారు. మేమిద్దరం కురుసుర లోపల ఇరుకు మంచాలన్నీ చూసి వచ్చేసరికి, చెప్పులు పక్కన పెట్టి, ప్యాంటు మడత పెట్టి, తడి ఇసుకలో నిలబడి ఉన్నారు. గంటంపావు అయింది. రైలు టైమవుతోంది అంటే "ఇంకో పది నిమిషాలు" అన్నారు.

ఆప్షన్లలో వార్డెన్ ఆవిడ ఉన్న కాలేజీ మొదట పెట్టాం, గాజు మేడ నాలుగోది. "స్ట్రిక్ట్" కాలేజీ రెండోది, అమ్మాయి ఒప్పుకోలేదు, ఆయన పట్టుబట్టారు. ఆడపడుచు గారికి ఇంకా చెప్పలేదు.

డిపాజిట్ 500 ఈ రోజుకీ రాలేదు. నిన్న మళ్లీ ఫోన్ చేశాను. "ఓనరు గారు పార్టీలో ఉన్నారమ్మా, రేపు చెయ్యండి" అన్నాడు మేనేజరు.